ఇరవయ్యో గీత

నా భార్య ఒంట్లోకి ఎక్కవలసినదానికి రెండున్నర రెట్లు ఇన్సులిన్ ఎక్కింది. మందు తెచ్చినవాడు తనది తప్పు కాదన్నాడు. సూది అమ్మినవాడు తనది కాదన్నాడు. వైద్యం చేసిన డాక్టరు తనదీ కాదన్నాడు. విడివిడిగా చూస్తే ముగ్గురి మాటా నిజమే. మిగిలింది ఆసుపత్రి మంచం దాకా పోయి వచ్చిన నా భార్య. తప్పు వెళ్లి ఆమె మీద వాలింది. ఆమె కూడా "నాదే కావచ్చు" అని దాన్ని తీసుకుంది. నాకు మండింది అక్కడే.

మేముండేది కోరుట్లలో. నేను పుట్టి పెరిగింది మాత్రం సిరిసిల్లలో, మా నాయన మగ్గం గుంత పక్కన. మగ్గాలు పోయి సాంచాలు వచ్చాక కరెంటుతో నడిచే ఆ సాంచాల మీదే నా వయసంతా గడిచింది. చెవులు అక్కడే సగం పోయాయి. ఒంట్లో సత్తువ తగ్గిన తర్వాత, అత్తగారి ఊరైన కోరుట్లకు వచ్చి స్థిరపడ్డాను. బడికి పోయింది లేదు. అక్షరాలు దుకాణాల బోర్డుల మీదా, పొట్లం కట్టిన పేపర్ల మీదా నేర్చుకున్నాను. మిగతాది ఎట్లా నేర్చుకున్నానో ముందుముందు చెబుతాను.

నా భార్యది బీడీలు చేసే చెయ్యి. ఒళ్లో చాట పెట్టుకుని, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు పోసుకుని కూర్చుంటే వేళ్లు తమ పని తాము చేసుకుపోతాయి. కళ్లు టీవీ మీద ఉంటాయి, నోరు పక్కింటామెతో తగువులో ఉంటుంది. కట్టకు ఇరవై అయిదు బీడీలు ఉండాలి. ఆమె లెక్కపెట్టదు. గుప్పిట నిండగానే దారం చుడుతుంది. నేను పందెం వేసి ఎన్నోసార్లు కట్టలు విప్పి లెక్కపెట్టాను. ఒక్కనాడూ గెలవలేదు.

"సాంచా నడిపినోనివి, నీకు లెక్క మీద నమ్మకం, చెయ్యి మీద లేదు" అనేది.

షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలతో ఆగక సూది దాకా వచ్చింది. పొద్దున ఇరవై యూనిట్లు, సాయంత్రం కొంచెం తక్కువ. ఇంగ్లీషు రాదు గానీ సిరంజి మీది అంకెలు, వాటి మధ్య గీతలు బాగా చదువుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, బుడగ లేకుండా వేలితో తట్టి, ఇరవై గీత దగ్గరకు మందు లాగి, పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పట్టి తనే పొడుచుకుంటుంది. నన్ను దగ్గరకు రానిచ్చేది కాదు. "నీ చెయ్యి సాంచా లెక్క దడదడలాడుతది. నన్ను జల్లెడ జేస్తవ్" అనేది.

ఆమె తమ్ముడు గల్ఫ్‌లో బండి నడుపుతాడు. పోయినసారి సెలవు మీద వచ్చే ముందు, ఇక్కడి సర్కారు దవాఖానాలో ఇన్సులిన్ అయిపోయిందని ఫోన్లో విన్నాడు. "పాత సీసా ఫోటో పంపు అక్కా" అన్నాడు. పక్కింటామె తీసి పంపింది. అతను ఆ ఫోటో అక్కడి మందుల షాపులో చూపించి, అదే పేరున్న సీసాలు కొని, మంచుముక్కలేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, దాన్ని పసిపిల్లను మోసినట్టు చేతుల్లో పట్టుకుని తెచ్చాడు. ప్రేమ లేని పని అని నేననను.

"అక్కా, గిది అసల్ మాల్. ఆడ షేకులు గిదే ఏసుకుంటరు" అన్నాడు.

"షేకులు పొద్దుకు ఖర్జూరాలే తింటరు గద, మరి ఆళ్లకు షుగరు రాదా?"

"అచ్చిందనే గదనే ఏసుకుంటుండ్లు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. మా ఇంట్లో సూదులు అయిపోవచ్చాయి. అందుకని అడిగాను: "మరి సూదులు తేలేదా బామ్మర్దీ?"

"సూదులా బావా? ఏర్‌పోర్టుల పెట్టె ఇప్పితె, మత్తు సూదులేసుకునెటోడని పట్టుకోరా? మా రూముల ఒకన్ని గట్లనే కూసోబెట్టి, ఇడిసేసరికి విమానం ఎల్లిపోయింది. సూదులు ఊరూర దొరుకుతయి, మందే దొరకది."

ఆ మాట మాకందరికీ సబబుగానే అనిపించింది. కోరుట్ల, జగిత్యాల దిక్కు గల్ఫ్ పెట్టె దిగని వాడ లేదు. సబ్బులు వస్తాయి, కంబళ్లు వస్తాయి, మోకాళ్ల నొప్పుల మందులూ వస్తాయి. సూదులు మాత్రం ఎవరూ తేరు, ఆ భయంతోనే. మందు అక్కడిది, సూది ఇక్కడిది. ఇందులో ఏముంది అనుకుంటాం. ఆ రెండింటి మధ్య ఏముందో నా భార్య ఒంటి మీద తెలిసింది.

మర్నాడు నేనే వెళ్లి మా వాడకు దగ్గరున్న మెడికల్ షాపులో సూదుల పాకెట్ అడిగాను. షాపాయన నాకు ఏళ్లుగా ఎరుక. అడిగేటప్పుడు చెప్పాను కూడా, ఈ మాట గట్టిగా గుర్తుంది నాకు: "మా బామ్మర్ది గల్ఫ్ నుంచి మందు తెచ్చిండు, సూదులియ్యి" అన్నాను.

"మందు ఆడ కొంటిరి, సూదులు మా దగ్గరనా కాకా? గిదేం న్యాయం?" అని నవ్వుతూ, ఎప్పుడూ ఇచ్చే ఎర్రటోపీ సూదులే తీసిచ్చాడు. నేనూ నవ్వి తీసుకున్నాను.

ఆ తెల్లారి మేము సిరిసిల్లలో ఉన్న బిడ్డను చూడ్డానికి బయలుదేరాం. నా భార్య గల్ఫ్ సీసా ఫ్రిజ్‌లోంచి తీసి, కొత్త సూదితో ఇరవై గీతకు మందు పట్టి వేసుకుంది. ఉప్మా తిన్నది. జగిత్యాల దాకా ఒక బస్సు, అక్కడ మారి ఇంకో బస్సు. కిటికీ పక్కన కూర్చుని, పొలాల్లో నాట్లెంతవరకు వచ్చాయో నాకు చెబుతూనే ఉంది.

మల్యాల దగ్గరపడుతుండగా మాట ఆగింది. చూస్తే మొహం మీద చెమట, చీర కొంగు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. పండగ ముందు బీడీలు ఎంత తొందరగా చుట్టినా వణకని చేతులవి.

"ఏమైతాంది?" అన్నాను.

"బీడీలు లెక్క తక్కువచ్చినయి" అన్నది.

బీడీలెక్కడివి? నేను భుజం పట్టి ఊపితే నా దిక్కు చూసి, "నువ్వెవలు?" అన్నది. నలభై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి ఆ మాట అంటే కాళ్ల కింద బస్సే లేదనిపించింది. షుగరు పెరిగి ఇట్లా అవుతోందని నేననుకున్నాను. షుగరు రోగం గురించి నాకు తెలిసిందంతా అంతే, పెరుగుతుందని. ముందు సీట్లో ధర్మపురిలో దర్శనం చేసుకుని కొండగట్టు పోతున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, సంచీలోంచి లడ్డు తీసింది.

"వద్దమ్మా, ఆమెకు షుగరు" అన్నాను.

"షుగరని నాకు కండ్లు లేవా? పెరిగితె గిట్ల చెమటలు పడ్తయా? మా మామ గిట్లనే జేసెటోడు. పడిపోయింది షుగరు, జరుగు నువ్వు!" అని నన్ను మోచేత్తో నెట్టేసి, లడ్డు చిదిపి కొంచెం కొంచెంగా నోట్లో పెట్టింది. "నములవ్వా, మింగు, ఆఁ, గట్ల." ఇంకెవరో కూల్‌డ్రింక్ సీసా అందించారు. కండక్టరు క్రాస్‌రోడ్డు దగ్గర బస్సు ఆపి తనే ఆటో పిలిచాడు. ఆ ఆవిడ ఎవరో, ఏ ఊరో అడగను కూడా అడగలేదు నేను.

ఆటో జగిత్యాల దిక్కు మళ్లింది. ఒళ్లో తల పెట్టుకుని, ఆమె కళ్లు మూతలు పడకుండా బుగ్గలు తడుతూనే ఉన్నాను. "నా పేరు జెప్పు" అంటే చెప్పదు. "బిడ్డ పేరు జెప్పు" అంటే చెప్పదు. ఒకసారి "ఇరవై" అన్నది. అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆసుపత్రిలో వేలు పొడిచి చూసి, పరుగున గ్లూకోజు పెట్టారు. కాసేపటికి నన్ను గుర్తుపట్టి, "చెప్పులేవి నాయి?" అని అడిగింది. చెప్పులు బస్సులోనే పోయాయి. అంత సంతోషంగా నేను జీవితంలో చెప్పులు పోగొట్టుకోలేదు.

డాక్టరు వచ్చాడు. మంచివాడే, వయసులో నా బిడ్డకన్నా చిన్న.

"ఎంత తీసుకున్నది పొద్దున?"

"ఇరవై సార్. రోజు తీసుకునేదే."

"తిన్నదా?"

"తిన్నది."

"ఇరవైకి ఇంత పడిపోదు పెద్దాయనా. వయసు మీద పడ్డది కదా, గీత సరిగ్గ కనబడలేదేమో. రెండుసార్లన్న వేసుకుని ఉంటది. ఇగ నుంచి ఆమె చేతికి ఇయ్యకుండ్రి."

ఆమె వింటూ ఉండగానే అన్నాడు. నేను ఆమె మొహం చూశాను. మనిషి ఇంకా నీరసంగానే ఉంది. అయినా కుడిచెయ్యి పైకెత్తి, వేళ్లు చాచి, కొత్తవాళ్ల చెయ్యి చూసినట్టు చూసుకుంది.

ఇంటికి తెచ్చుకున్నాం. మర్నాటి నుంచి ఆమె సూది ముట్టలేదు. నేను వేస్తానంటే వద్దంది. వీధి చివర ఉండే నర్సమ్మను పిలుస్తానంటే వద్దంది. చాట కూడా గోడకు ఆనించేసింది. "చేతికి తెల్వకుంట తప్పైతాంది. రేపు కట్టల గూడ తప్పైతది. కార్ఖానల నలుగురి ముందట తీసి పారేస్తె సిగ్గువోతది" అన్నది. బిడ్డ సిరిసిల్ల నుంచి ఫోను చేసి, "అవ్వా, కండ్ల డాక్టరుకు చూపెట్టుకుందాం పా" అంటే, ప్రేమతో అన్న ఆ మాట కూడా ముల్లయి గుచ్చుకుంది. తమ్ముడైతే, "అక్కా, మందు మంచిదేనే, జర చూసి ఏసుకోవాలె" అన్నాడు. అందరి దయా ఒకే చోట వచ్చి ఆగుతోంది, ఆమె చేతి మీద.

షుగరు ఎక్కడం మొదలయింది. మాకు ఇంట్లో వేలు పొడిచి చూసే మిషను ఉంది. రోజూ చూసేవాణ్ని. చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. మాటిమాటికీ నీళ్లు తాగేది. కాలి చిటికెన వేలి పక్కన చిన్న పొక్కు లేచింది. మామూలు మనిషికైతే పట్టించుకోని పొక్కు. సూది మానేసినవాళ్లకు అటువంటి పొక్కుతోనే కాళ్లు పోయిన ఇళ్లు మా వాడలోనే ఉన్నాయి. ఆ పొక్కును నేను పొద్దునా సాయంత్రం, అద్దంలో మొహం చూసుకున్నట్టు, చూసేవాణ్ని. కొంచెం ఎరుపెక్కిందా? నిన్నటికన్నా పెరిగిందా? అడిగితే, "చూసి చూసి నువ్వే పెంచుతున్నవ్ దాన్ని" అని విసుక్కునేది.

నాకు ఒకటే అడ్డుపడుతోంది. ఈ చెయ్యి తప్పు చేయదు. మరి తప్పెక్కడ?

ఇక్కడ నేను నా పాత సంగతి ఒకటి చెప్పాలి. సిరిసిల్లలో, వయసులో ఉన్నప్పుడు, ఒక ఆసామి దగ్గర, అంటే సాంచాలున్న యజమాని దగ్గర పనిచేసేవాణ్ని. ఒకరోజు నేను నేసిన బట్ట తాను పల్చగా వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే ఇంచుకు యాభై రెండు పోగులు పడవలసిన చోట నలభై నాలుగే ఉన్నాయి. "నూలు మిగిలిచ్చుకొని ఏడ అమ్ముకున్నవ్ రా?" అన్నాడు ఆసామి, పదిమంది ముందు. సాంచా చప్పుడు అదే, నా నడక అదే, అడ్డపోగు మోసే నాడె కొట్టుకునే తీరు అదే. తర్వాత తెలిసింది. వేరే రకం బట్ట కోసం ముందు షిఫ్టులో పళ్ల చక్రం మార్చి, తిరిగి పెట్టడం మరిచారు. చక్రం మారితే ఇంచు ఇంచులాగే ఉంటుంది, ఇంచులో పడే పోగులు మారతాయి. నిజం బయటపడ్డాక కూడా ఆసామి నాతో ఒక్క మాట అనలేదు. ఆ మంట మీదే నేను చిత్తుకాగితాల బండి మీద ఆరో తరగతి లెక్కల పుస్తకం కొన్నాను. ఇక ఎవడైనా లెక్క పేరు మీద నన్ను దొంగ అంటే నేనే విప్పి చూపాలని.

అందులో నాకు నచ్చిన పాఠం ఒక్కటే, ఏకవస్తు మార్గం. ఏదైనా సరే, ముందు ఒక్కదానికి ఎంతో కనుక్కో. డజను అరటిపళ్లా, ఒక పండుకు రా. పది గంటల ప్రయాణమా, ఒక గంటకు రా. ఒక్కదాని దగ్గరకు దిగితే ఎంత పెద్ద లెక్కయినా తల వంచుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపించినప్పుడు మరీ దిగాలి. నేను నా జీవితమంతా ఆ ఒక్క పాఠం మీద నడిపాను. బియ్యం సంచీ కొన్నా కిలోకు ఎంతో అడుగుతాను. నా భార్య లెక్క మాత్రం వెయ్యికి. వెయ్యి బీడీలకు ఇంత ఆకు, ఇంత తంబాకు. ఆమె వెయ్యికి, నేను ఒకటికి. మా కాపురంలో సగం తగువులు అక్కడే.

ఒక పొద్దు ఫ్రిజ్‌లో మజ్జిగ కోసం చెయ్యి పెడితే గల్ఫ్ సీసా తగిలింది. పక్కనే, పారేయకుండా దాచిన పాత సర్కారు సీసా, ఖాళీది. రెండూ ఒకే ఎత్తు, ఒకే పేరు. రెండూ వాకిట్లోకి తెచ్చి భూతద్దం పెట్టాను. పాతదాని మీద మిల్లీకి నలభై యూనిట్లని ఉంది. కొత్తదాని మీద మిల్లీకి వంద.



అక్కడే గడప మీద కూర్చుని, ఒక్కదాని దగ్గరకు దిగాను. ఎర్రటోపీ సూది మీద కూడా మిల్లీకి నలభై అనే ఉంది, అంటే అది నలభై రకం మందు కోసం చేసింది. ఒక మిల్లీ జాగాను నలభై గీతలుగా కోశారు. ఇరవై గీతంటే అర మిల్లీ. పాత సీసాలోంచి అర మిల్లీ తీస్తే ఇరవై యూనిట్లు. ఈ సీసాలోంచి అదే అర మిల్లీ తీస్తే యాభై. గీత కొలిచేది జాగాను. ఆ జాగాలో ఎంత మందు పట్టి ఉందో సీసాకే తెలుసు. ఆమె ఇరవై గీతకే పట్టింది. ఒక వెంట్రుక అటూ ఇటూ కాకుండా పట్టింది. కాబట్టే ఒంట్లోకి సరిగ్గా యాభై పోయింది.

లెక్క అయితే తేలింది. బడికి పోనివాడి లెక్క, ఎవరు దిద్దుతారు? ఒకవేళ నేనే తప్పయి, ఈ ధీమాతో ఆమెకు మళ్లీ సూది పొడిపిస్తే? మర్నాడే రెండు సీసాలూ, ఒక సూదీ పట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. డాక్టరు సీసాలూ, సూదీ చూసి, నేను నోరు తెరవకముందే తల పట్టుకున్నాడు.

"వంద మందుకు నలభై సూది! ఈ సీసా ఆరోజు నాకెందుకు చూపెట్టలే?"

"మీరెందుకు అడగలేదు?" అన్నాను.

"పెద్దాయనా, ప్రాణం పోతున్న మనిషికి ముందు గ్లూకోజు పెడతాం గాని, సీసా తెమ్మంటమా?" అన్నాడు.  అతనే వంద మందుకు వేరే సూదులుంటాయని, నారింజ రంగు టోపీ ఉంటుందని, ఈ రెంటినీ ఎప్పుడూ కలపొద్దని చెప్పి, చీటీ మీద రాసిచ్చాడు. "మందు ఆపొద్దు, ఇవాళే మొదలుపెట్టించండి" అని గట్టిగా చెప్పాడు. బామ్మర్దికి ఫోను చేస్తే, "నేను మందు తెచ్చిన బావా, సూది తెచ్చిన్నా?" అన్నాడు, ఏడుపు గొంతుతో. అదీ నిజమే.

పరుగున ఇంటికి వచ్చి నా భార్య ముందు కూర్చుని అంతా విప్పి చెప్పాను. గ్లాసులు పెట్టి, నీళ్లలో పసుపు చిక్కగా ఒకదాంట్లో, పల్చగా ఒకదాంట్లో కలిపి, చెంచాతో తీసి చూపించాను. మొత్తం విన్నది.

"అయిపోయిందా?" అన్నది.

"అయింది. నీ చెయ్యి తప్పు గాదు."

"పెండ్లయినప్పటిసంది నా దిక్కు ఒక్కనాడన్న మాట్లాడినవా? మా అవ్వతోని తగువైనా, మీ అవ్వతోని తగువైనా తప్పు నాదే అంటివి. ఇయ్యాల కాలు మీద పొక్కు లేవంగనే నా తప్పు లేదంటున్నవ్. గిది లెక్క గాదు, ఊరడింపు."

"డాక్టరు గూడ చెప్పిండు!"

"గా డాక్టరే కదా నాకు కండ్లు కనబడ్తలేవన్నది. ఇప్పుడు నువ్వు పోయి లొల్లి పెడితె మాట మార్చిండు."

"మరి ఎవరు జెప్తె నమ్ముతవే?"

చీర కుచ్చిళ్లు కాలి మీదికి లాక్కుంది. "సూది అమ్మినాయన జెప్పాలె. ఆయనకు నువ్వంటె భయం లేదు, నేనంటె జాలి లేదు. తప్పు ఒప్పుకుంటె ఆయనకే నష్టం. గసొంటోడు జెప్తె నమ్ముత."

తెలివైన మాట. సాక్షి ఎటువంటివాడై ఉండాలో కోర్టులకన్నా బాగా చెప్పింది. కానీ ఆ తెలివికి ఆమె కాలు పణంగా ఉంది.

షాపుకు వెళ్లాను. జరిగింది చెప్పాను. షాపాయన మొహం మారింది.

"పాకెట్ మీద రాసి ఉంటది కాకా."

"ఇంగిలీషుల, చీమ తలకాయంత రాసి ఉంటది. గల్ఫ్ మందు అని నేను నోటితోని చెప్పిన గదా?"

"రోజుకు ఎంతమంది అస్తరు, ఎవల మందు ఏందని అడగాలె? ఎర్రటోపీ అడిగినవ్, ఎర్రటోపీ ఇచ్చిన."

"నేను సూదులన్న. ఎర్రటోపీ అనలేదు."

"ఎప్పుడు కొనేది గదే గదా!"

"నాకు కేసు వద్దు, పైసలు వద్దు, కాగితం వద్దు. వచ్చి మా ఇంటామెకు ఒక్క మాట చెప్పు, నీ చెయ్యి తప్పలేదని."

"ఇయ్యాల మాటంటవ్, రేపు గా మాట పట్టుకొని నీ అల్లుడు వస్తడు, ఎల్లుండి ఇంకోడు వస్తడు. నన్ను బతకనియ్యి కాకా." అని లోపలికి వెళ్లి మందుల అట్టపెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు, సర్దినవే మళ్లీ.

మళ్లీ వెళ్లాను. మెట్టు మీద కూర్చున్నాను. గిరాకీకి వచ్చినతను "ఏంది కాకా, షాపుకు వాచ్‌మన్‌గ కుదిరినవా?" అని నవ్వితే, "ఔ, సూదులు కొనెటోళ్లను కాస్తున్న" అన్నాను. సూది అడిగినవాళ్లందరినీ నేను అడిగేవాణ్ని, "అవ్వా, మందు ఏడిది? సీసా మీద ఎంత రాసుంది?" అని. కొందరు ఆగి ఆలోచించారు. కొందరు పిచ్చోడనుకున్నారు. ఒకతను, మొన్ననే గల్ఫ్ నుంచి పెట్టె దిగినవాడు, పాకెట్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయి, "సీసా తెచ్చి చూపెడ్త" అని వెనక్కి తిరిగాడు. షాపాయన అది చూశాడు. అతను వదిలిపోయిన పాకెట్ తీసి పక్కన పెట్టాడు.

ఆ పొద్దు ఆమె పొక్కు చితికింది. ఎర్రటి నీరు కారింది. నొప్పి లేదన్నది. నొప్పి లేకపోవడమే అసలు భయం, షుగరు కాళ్లకు నొప్పి తెలియదు. వేలు పొడిచి చూశాను. మిషను మీద అంకె ఎన్నడూ చూడనంత పైకి పోయింది. మాట్లాడకుండా మిషను అట్లాగే జేబులో పెట్టుకుని, అంగీ గుండీలు పెట్టుకోవడం కూడా మరిచి షాపుకు నడిచాను. బల్ల మీద మిషను పెట్టి, ఆరిపోయిన అంకెను బొత్తాము నొక్కి మళ్లీ వెలిగించాను.

"చదువు" అన్నాను. కాలి పొక్కు చితికిన సంగతీ చెప్పాను.

అతను చదివాడు. ఆ అంకెకు అర్థం నాకన్నా అతనికే బాగా తెలుసు. రోజూ ఆ మిషనులో పెట్టే పట్టీలు అమ్మేది అతనే.

"సూది ఎన్నొద్దులసంది ఏసుకుంటలేదు?"

"మీరందరు ఆమె చేతిని తప్పువట్టినకాడికెల్లి."

గిరాకీకి వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. అతను వాళ్ల దిక్కు చూశాడు, మిషను దిక్కు చూశాడు, చెమట తుడుచుకున్నాడు. లోపలికి వెళ్లి సర్దుకుంటాడని నేననుకున్నాను. వెళ్లలేదు.

"ఫోను కలుపు కాకా, అమ్మకు" అన్నాడు.

కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టాను. నా భార్య ఎత్తింది. ఎవరో చెప్పాను.  పెళ్లిలో కూడా నేను వినని చిన్న గొంతుతో, "అయ్యా, నా చెయ్యి తప్పిందా?" అని అడిగింది.

"లేదమ్మా. నువ్వు ఇరవై గీతకే పట్టినవు, సరిగ్గనే పట్టినవు. నేనిచ్చిన సూదిల ఇరవై గీతంటె, గా గల్ఫ్ మందుల యాభై. గా ముచ్చట అడిగి సూది ఇయ్యాల్సింది నేను, అడగలె. ఇప్పుడు సూది అడిగినోళ్లను సీసా తెమ్మంటున్న, తిట్టుకుంట పోతున్నరు, పోనీ. నువ్వు మాత్రం ఇప్పుడే మీ పక్కింటామెతోని ఆటో ఎక్కి సీసా పట్టుకొని రా అమ్మా. నారింజ టోపీ సూది ఇస్త, నా ముందట నువ్వే పట్టు, నేను సూస్త. గట్లనే కాలు గూడ డాక్టరుకు సూపెట్టాలె, ఆలస్యం జెయ్యకు."

ఫోను పెట్టకుండానే నా భార్య పక్కింటామెను ఆటో పిలవమని కేకేయడం, ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వినిపించాయి.